మగ్గం లోపలి చప్పుడు: కాంటాక్ట్ మైక్ చేసుకుని, రెండు లూపులతో పీస్ కట్టడం ఎలా?

"అన్నా, వరంగల్ కొత్తవాడ పోయి మగ్గం చప్పుడు ఫోన్‌ల రికార్డు చేసిన. ఇంటికొచ్చి వింటే ఆటో హారన్లు, ఫ్యాను గాలి, పక్కింటి టీవీ వినపడుతున్నయి గని మగ్గం వినపడుతలేదు. ఏం చేయాలె?"

ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. ఒకరు సిరిసిల్ల సాంచ (కరెంటు మగ్గం) గురించి అడుగుతారు, ఇంకొకరు పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పడే సుత్తి దెబ్బ గురించి. ఇబ్బంది మాత్రం అందరికీ ఒకటే. ఫోన్ మైకు గాలిలో వచ్చే చప్పుడును పడుతుంది. గాలిలో ఊరందరి చప్పుడూ ఉంటుంది. మీకు కావలసింది కట్టెలో, ఇనుములో, ఇత్తడిలో పాకే చప్పుడు. దాన్ని పట్టాలంటే మైకును ఆ వస్తువుకే ఆనించి పెట్టాలి. అదే కాంటాక్ట్ మైక్. ఒక సాయంత్రం కూర్చుంటే ఇంట్లోనే అయిపోతుంది.

దాని వెంటే వచ్చే రెండో ప్రశ్న: "రికార్డు చేసినం, ఇప్పుడు దీన్ని సంగీతం ఎట్ల చేయాలె?" చెప్పిందే చెప్పేవాళ్లను మనం 'అరిగిపోయిన రికార్డు' అంటాం కదా. 1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియర్ షఫేర్ అనే ఇంజినీరు సరిగ్గా దాన్నే పనిముట్టుగా చేసుకున్నాడు. రికార్డు మీది గాడిని గుండ్రంగా మూసేసి, ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగేలా చేశాడు. అలా తిరిగి తిరిగి మోగే ముక్కనే లూపు అంటారు. బాతిన్యోల్ స్టేషన్‌లో రికార్డు చేసిన రైలు ఇంజిన్ల చప్పుళ్లతో ఒక పీస్, అంటే ఒక సంగీత రచన, కట్టి రేడియోలో వినిపించాడు. మనం చేయబోయేది కూడా ఆ దారిలోనిదే. ఆయన దగ్గర రికార్డు కోసే యంత్రం ఉండేది, మన దగ్గర ల్యాప్‌టాప్ ఉంది.

కావలసినవి

- 27 మి.మీ. పీజో బిళ్ళలు (అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చేవి), కనీసం 3. టీవీలు, మిక్సీలు రిపేరు చేసే షాపుల్లో, ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే చోట "పీజో బజర్ ప్లేటు" అని అడగండి. బయట ఇత్తడి పళ్లెం, మధ్యలో తెల్లటి గుండ్రం ఉంటుంది. ఒక్కోటి పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది. వైర్లు ముందే అతికించి ఉన్నవి దొరికితే అవే తీసుకోండి.
- ఒక గిటార్ కేబుల్, అంటే రెండు చివర్లా 6.35 మి.మీ. మోనో జాక్ ఉన్నది. మధ్యకు కోస్తే రెండు మైకులకు వస్తుంది.
- సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ వైరు, ఎలక్ట్రికల్ టేపు, వంటింటి అల్యూమినియం ఫాయిల్.
- గిటార్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు, గిటార్ల చప్పుడును ల్యాప్‌టాప్‌లోకి పంపే చిన్న పెట్టె. కొనక్కర్లేదు. చర్చిలోనో, బ్యాండులోనో కీబోర్డు, గిటార్ వాయించేవాళ్లను అడిగితే ఒక రోజుకు ఇస్తారు.
- ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ, అంటే చప్పుడు రికార్డు చేసి, కోసి, అతికే సాఫ్ట్‌వేర్. ఉచితం.
- చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్. ల్యాప్‌టాప్ స్పీకర్లతో ఈ పని సాగదు.

నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఉండి, బ్యాటరీ తగిలిస్తే తనంతట తానే కూసే బజర్ ఇస్తే తీసుకోకండి. అందులో వేరే సర్క్యూట్ ఉంటుంది. మనకు ఉత్త బిళ్ళ చాలు.

మైకు తయారీ

1. కేబుల్ కోసిన చివర 2 సెం.మీ. పైతొక్క తీయండి. లోపల అల్లిన రాగి జాలి, దాని లోపల ప్లాస్టిక్ తొడుగున్న సన్న తీగ కనిపిస్తాయి. జాలిని మెలేసి ఒక పోగు చేయండి. లోపలి తీగ కొస మీద అర సెంటీమీటరు తొక్క తీయండి. కొన్ని కేబుళ్లలో ఆ తొడుగు మీద నల్లటి పూత ఉంటుంది. అది కరెంటును పోనిస్తుంది కాబట్టి గీరి తీసేయాలి. దీన్ని వదిలేసి, మైకు ఎందుకు బలహీనంగా ఉందో తెలియక రోజులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

2. జాలి పోగును ఇత్తడి పళ్లేనికి, లోపలి తీగను మధ్య తెల్లటి గుండ్రానికి సోల్డర్ చేయండి. రెండు చోట్లా ముందుగా చిన్న చుక్క సోల్డర్ వేసి పెట్టుకోండి. ఎక్కువ బిళ్ళలు పోయేది తెల్లటి గుండ్రం దగ్గరే. దాని మీద ఉన్నది పల్చటి వెండి పూత. ఐరన్‌ను రెండు సెకన్లకు మించి ఆనిస్తే పూత లేచి సోల్డర్‌కు అంటుకుని వచ్చేస్తుంది, ఆ బిళ్ళ ఇక పనికిరాదు. నా మొదటి రెండు బిళ్ళలు అలాగే పోయాయి. అందుకే 3 తెచ్చుకోమన్నాను. చుక్కను మధ్యలో కాకుండా గుండ్రం అంచుకు దగ్గరగా వేయండి.

3. బిళ్ళను రెండు వైపులా ఎలక్ట్రికల్ టేపుతో చుట్టండి. దాని మీద ఒక వరుస అల్యూమినియం ఫాయిల్. ఫాయిల్ జాలికి తగలాలి, లోపలి తీగకు అసలు తగలకూడదు. దాని మీద మళ్లీ టేపు. గుయ్‌మనే 50 హెర్ట్జ్ కరెంటు మోత చాలావరకు ఈ ఫాయిల్‌తోనే పోతుంది. టేపును ఒక్కో పొరే గట్టిగా లాగి చుట్టండి. మందంగా, వదులుగా చుడితే సన్న చప్పుళ్లు బిళ్ళదాకా రావు.

4. సోల్డర్ చేసిన చోటుకు రెండు అంగుళాల దూరంలో కేబుల్‌ను చిన్న చుట్టగా మడిచి టేపు వేయండి. ఎవరైనా కాలు తగిలించినా లాగుడు బిళ్ళ మీద పడదు.

పనిచేస్తోందా లేదా చూడటం

ఇంటర్‌ఫేస్ గిటార్ ఇన్‌పుట్‌కు పెట్టి, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ బాగా తగ్గించి, బిళ్ళను గోరుతో మెల్లగా గీరండి. గరగరమని స్పష్టంగా వినిపించాలి. తర్వాత బిళ్ళను బల్ల మీద పెట్టి మామూలు గొంతుతో మాట్లాడండి. మీ మాట దాదాపు వినపడకూడదు.

మాట స్పష్టంగా వినపడితే మైకు బ్రహ్మాండంగా ఉందనుకుని మురిసిపోకండి. ల్యాప్‌టాప్ సొంత మైకు ఆన్‌లో ఉందని దానర్థం. ఆడాసిటీలో రికార్డింగ్ డివైస్‌గా ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోండి. "కాంటాక్ట్ మైక్ పెట్టినా హారన్లే వస్తున్నయి" అని రాసేవాళ్లలో చాలామంది పొరపాటు ఇదే.

గుయ్‌మని మోత వస్తుంటే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ పోకపోతే తీగలు తారుమారయ్యాయేమో చూడండి: జాలి ఇత్తడికే పోవాలి.

ఇంటర్‌ఫేస్ దొరక్కపోతే

ఫోన్ హెడ్‌సెట్ జాక్‌కో, ల్యాప్‌టాప్ మైక్ జాక్‌కో నేరుగా కలపొచ్చా అని అడుగుతారు. కలిపితే చప్పుడు వస్తుంది కానీ రేకు డబ్బాలో మోగినట్టు పల్చగా ఉంటుంది. కారణం చిన్న లెక్క. 27 మి.మీ. బిళ్ళ కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్‌లు. ఫోన్ మైక్ ఇన్‌పుట్ నిరోధం రెండు వేల ఓమ్‌ల చుట్టూ ఉంటే, దాదాపు 4,000 హెర్ట్జ్ కంటే కింద ఉన్నదంతా సన్నబడిపోతుంది. మగ్గం దెబ్బలో బరువంతా ఉండేది ఆ కిందే. గిటార్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 10 లక్షల ఓమ్‌లు. అక్కడ ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. పైగా చాలా ఫోన్లు ఈ బిళ్ళను మైకుగా గుర్తించవు కూడా. సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లు చిన్న ఎఫ్‌ఈటీ ప్రీయాంప్ (బలహీనమైన సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే ట్రాన్సిస్టర్ సర్క్యూట్) కట్టుకుని మధ్యలో పెట్టుకోవచ్చు. మిగతావాళ్లు ఇంటర్‌ఫేస్ అడిగి తెచ్చుకోవడమే మేలు.

ఇంట్లో మొదటి రికార్డింగ్

మొదటి రోజే మగ్గం దగ్గరికి పరుగెత్తకండి. బతుకమ్మ పేర్చే ఇత్తడి తాంబాళం తీయండి. దాన్ని బోర్లించి అడుగున బిళ్ళను సన్నటి డబుల్ సైడ్ టేపుతో అతికించండి. స్పాంజి ఉన్న మందపాటి టేపు వద్దు, సన్న చప్పుళ్లన్నీ అది తాగేస్తుంది. తాంబాళాన్ని మళ్లీ వెల్లకిలా తిప్పి, అంచులు రెండు పుస్తకాల మీద ఆనేలా నిలపండి. ఇప్పుడు పిడికిట్లోంచి ఒక్కో బియ్యపు గింజ జారవిడవండి.

మామూలు చెవికి అది టిక్కుమనే చప్పుడు. హెడ్‌ఫోన్స్‌లో ప్రతి గింజా చిన్న గుడిగంటలా మోగి, మోత అంచుల దాకా పోయి తిరిగొస్తుంది. గింజలు ఎక్కువయ్యేకొద్దీ గంటలు కలిసిపోయి రేకుల ఇంటి మీద వానవుతుంది. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1960లో 'కార్ట్రిడ్జ్ మ్యూజిక్' అనే పీస్‌లో గ్రామఫోన్ సూది పెట్టే చోట రకరకాల చిన్న వస్తువులు దూర్చి, వాటి సన్న చప్పుళ్లను స్పీకర్లలో పెద్దవి చేసి వినిపించాడు. మీ తాంబాళం చేస్తున్నదీ ఆ పనే.

ఇక్కడే లెవెల్ పెట్టడం నేర్చుకోండి. అన్నిటికంటే గట్టి దెబ్బ కూడా మీటర్ మీద -6 డీబీ (డెసిబెల్) దాటకూడదు. మామూలు దెబ్బలు -12 దగ్గర ఉంటే చాలు. చప్పుడు తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు. పైన కొట్టుకుని పగిలితే మళ్లీ అతకదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్‌గా పెట్టుకోండి.

మగ్గం దగ్గర

ముందుగా కొన్ని హెచ్చరికలు. వీటిని దాటేసి కిందికి వెళ్లకండి.

కరెంటుతో నడిచే దేని ఒంటికీ బిళ్ళను అతికించకండి. సాంచ, మోటారు, మిక్సీ, కూలర్ ఏదైనా సరే. బాడీకి కరెంటు లీకవుతుంటే, టేపు ఎక్కడైనా చిరిగితే అది జాలి గుండా మీ హెడ్‌ఫోన్స్ దాకా వస్తుంది. సాంచ చప్పుడు కావాలంటే అది ఉన్న షెడ్డు కట్టె తలుపుకు అతికించండి. నేలంతా అదురుతుంది కాబట్టి చక్కగా వస్తుంది.

మైకు కలిపి ఉండగా బిళ్ళ మీద నేరుగా సుత్తితో, రాయితో కొట్టకండి. గట్టి దెబ్బకు పీజో బిళ్ళ పదుల వోల్టులు పుట్టించగలదు. అరువు తెచ్చిన ఇంటర్‌ఫేస్ పాడైతే స్నేహమూ పాడవుతుంది.

వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప రాళ్లకు ఏదీ అతికించకండి. టేపు జిగురు కూడా రాతికి హానే. కాజీపేటలో రైలు పట్టాల దగ్గరికి వెళ్లకండి, అది ప్రాణం మీదికి రావడమే కాదు, నేరం కూడా. ప్లాట్‌ఫాం మీద వైర్లు వేలాడే బిళ్ళ అతికించినా భద్రతా సిబ్బందికి అనుమానం రాక మానదు. లైనుకు దగ్గర్లో ఉండే చుట్టాలింట్లో కిటికీ ఇనుప ఊచకు పెట్టండి. గూడ్సు బండి కనిపించక ముందే ఊచ సన్నగా పాడటం మొదలుపెడుతుంది.

ఇక మగ్గం.

1. ముందు రోజు వెళ్లి అడగండి. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు పని ఆగితే కూలి ఆగినట్టే. ఎంతసేపు కూర్చుంటారో చెప్పండి, ఆ సమయానికి డబ్బు ఇవ్వండి, పీస్ అయ్యాక తెచ్చి వినిపిస్తానని మాటివ్వండి.

2. బిళ్ళను మగ్గం నిలువు గుంజకు, పేకను బిగించే దెబ్బ పడే చోటుకు జానెడు దూరంలో పెట్టండి. దెబ్బ పడే చోటే పెడితే దెబ్బ తప్ప ఏమీ రాదు. మరీ దూరం పెడితే నాడె (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయేది) జారే చప్పుడు పోతుంది. కట్టె మీద టేపు నిలవకపోతే చిన్న జీ-క్లాంపు వాడండి. వేలితో బిగించినంత చాలు, ఎక్కువ బిగిస్తే లోపలి తెల్లటి గుండ్రం పటుక్కున చీలుతుంది.

3. బిళ్ళకు బెత్తెడు దూరంలో కేబుల్‌ను కూడా గుంజకే టేపు వేసి కట్టండి. వేలాడే కేబుల్ ఊగి కట్టెకు తగిలితే ఆ తగులుడే రికార్డంతా వినిపిస్తుంది. వైరు పడుగు దారాల మీదుగా పోకుండా చూసుకోండి.

4. కనీసం 5 నిమిషాలు ఆపకుండా రికార్డు చేయండి. మొదటి నిమిషంలో నేసేవాళ్లు మిమ్మల్ని గమనిస్తూ నేస్తారు. అసలు లయ ఆ తర్వాతే వస్తుంది.

5. ఎక్కడ, ఎప్పుడు, బిళ్ళ ఏ గుంజకు అన్నది నోట్‌బుక్‌లో రాయండి. నోటితో చెబితే ఈ మైకు వినదు.

రికార్డు అయ్యాక హెడ్‌ఫోన్స్ వాళ్ల చెవులకు పెట్టండి. నేను పెట్టినప్పుడు ఆ పెద్దాయన కళ్లు మూసుకుని నిమిషంసేపు విన్నాడు. "బిడ్డా, ఎడమ దిక్కు మేకు వదులైనట్టుంది. ఇన్ని దినాలు నాకు వినపడలే" అన్నాడు. లేచి మేకు బిగించాడు. ఒక్కో దెబ్బ వెనకాల వచ్చిన ఆ చిన్న కిర్రు నిజంగానే పోయింది.

రెండు లూపులతో పీస్

1965లో అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ ఒకే మాట రికార్డు చేసిన రెండు టేపు లూపులను ఒకేసారి నడిపాడు. రెండూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగక, మెల్లగా ఒకదాన్నొకటి తప్పుకుంటూ పోయాయి. ఆ తప్పుకోవడంలోంచే కొత్త లయలు పుట్టాయి. మనం ఆ తప్పుకోవడాన్ని లెక్క ప్రకారం చేద్దాం.

1. రికార్డింగులో లయ నిలకడగా ఉన్న చోటు వెతకండి. ఒక దెబ్బకు సరిగ్గా ముందు మొదలుపెట్టి 4.000 సెకన్లు సెలెక్ట్ చేయండి. కింద ఉండే సెలెక్షన్ డబ్బాలో నిడివిని అంకెల్లో టైపు చేయొచ్చు. కాపీ చేసి కొత్త ట్రాక్‌లో సున్నా దగ్గర పేస్ట్ చేయండి. ఇది మొదటి లూపు.

2. అసలు రికార్డింగులో అదే చోటి నుంచి ఈసారి 4.100 సెకన్లు తీసుకుని ఇంకో ట్రాక్‌లో సున్నా దగ్గర పెట్టండి. ఇది రెండో లూపు.

3. రెండు ముక్కలకూ మొదట్లో 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇన్, చివర్లో 5 మిల్లీసెకన్ల ఫేడ్ అవుట్ ఇవ్వండి. ఇది చేయకపోతే అతుకు దగ్గర ప్రతిసారీ టప్పుమంటుంది. ఫేడ్ 50 మిల్లీసెకన్లు పెడితే దెబ్బ ముక్కు అరిగిపోతుంది.

4. మొదటి ట్రాక్ మొత్తం సెలెక్ట్ చేసి రిపీట్ ఎఫెక్ట్‌లో 40 అని, రెండో ట్రాక్‌కు 39 అని ఇవ్వండి. ఆ డబ్బాలో అడిగేది ఇంకా ఎన్నిసార్లు కలపాలి అని. కాబట్టి మొదటిది మొత్తం 41 సార్లు, రెండోది 40 సార్లు వస్తుంది.

5. ఇప్పుడు చివర చూడండి. 41 × 4 = 164, 40 × 4.1 = 164. రెండు ట్రాకులూ 2 నిమిషాల 44 సెకన్ల దగ్గర ఒకే గీత మీద ఆగాలి. ఆగకపోతే లూపు నిడివి తప్పు, లేదా రిపీట్ అంకె తప్పు. వేరే కారణం ఉండదు.

6. ఒక ట్రాక్‌ను ఎడమ వైపుకు, ఇంకోదాన్ని కుడి వైపుకు 70 శాతం దాకా జరపండి. పూర్తిగా జరిపితే ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాళ్లకు సగమే వినిపిస్తుంది. రెండు ట్రాకులూ 6 డీబీ తగ్గించండి, మొదట్లో రెండూ ఒకేసారి దెబ్బ కొట్టినప్పుడు పగలకుండా ఉంటుంది.

విని సరిచూసుకోవడం ఇలా. మొదటి నాలుగు సెకన్లలో ఒకే మగ్గం కాస్త లావుగా వినిపించాలి. తర్వాత ప్రతి దెబ్బకూ నీడ పడుతుంది, నీడ దూరం జరుగుతూ జరుగుతూ ఇద్దరు నేస్తున్నట్టవుతుంది. 1 నిమిషం 22 సెకన్ల దగ్గర రెండో లూపు తన మొదటికి వచ్చేసరికి మొదటి లూపు సరిగ్గా మధ్యలో ఉంటుంది. అక్కడ వేగం రెట్టింపైనట్టు అనిపిస్తే చోటు బాగా ఎంచుకున్నారన్నమాట. గందరగోళంగా ఉంటే లూపులో చప్పుళ్లు మరీ ఎక్కువున్నాయి. ఖాళీ ఎక్కువున్న ఇంకో 4 సెకన్లు వెతకండి. ఖాళీ ఉన్న లూపే బాగా పలుకుతుంది.

మళ్లీ మళ్లీ అడిగేవి

దీనికి బీట్ వేయొచ్చా? వేయకండి. మగ్గమే బీట్. తబలాయో డ్రమ్మో పెట్టిన క్షణం చెవి దాన్నే పట్టుకుని పోతుంది, రెండు లూపుల మధ్య జరిగే మార్పు వినపడదు. రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్) మీద కూడా నా మాట అదే. కట్టెకు తనదైన మోత ఉంది, అది వినిపించడానికే కదా ఇంత శ్రమ పడ్డాం.

చప్పుడు మార్చాలని ఉంటే వేగం మార్చండి. వేగం సగం చేస్తే శ్రుతి ఒక స్థాయి కిందికి దిగుతుంది, నిడివి రెట్టింపవుతుంది. తాంబాళం మీది బియ్యపు గింజను అలా రెండుసార్లు దించి చూడండి, పెద్ద గంటలు మోగుతాయి. అలా దించిన గంటను పీస్ మధ్యలో ఒక్కసారి పెట్టొచ్చు. రెండోసారి పెట్టకండి.

మన దేశంలో ఇలాంటివి ఎవరైనా చేశారా? చేశారు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో, టేపు యంత్రాలతో ఎలక్ట్రానిక్ స్టూడియో పెట్టారు. అమెరికా నుంచి స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నిలబెట్టాడు. గీతా సారాభాయి లాంటి మనవాళ్లు అక్కడ పీసులు చేశారు. 2023లో వాటిలో కొన్ని ఆల్బంగా బయటికి వచ్చాయి, వెతికి వినండి.

వాట్సాప్‌లో పంపితే చప్పుడు చెడుతోంది, ఎందుకు? ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

రెండో రోజు వెళ్లి ఇంకో లూపు తెచ్చి కలపొచ్చా? అదే మగ్గమైనా కలవకపోవచ్చు. తేమ మారుతుంది, పడుగు బిగింపు మారుతుంది. నేను మేకు బిగించక ముందు తీసిన లూపును, బిగించాక తీసిన దానితో కలిపి చూశాను. రెండు వేరు మగ్గాల్లా వినిపించాయి. కావలసినదంతా ఒకే పూట, ఒకే గుంజ మీద, బిళ్ళ కదపకుండా తీసుకోండి. మేకు బిగించాల్సి వస్తే అది అయ్యాక మొదటి నుంచి మళ్లీ రికార్డు చేయండి.